అర సెకను ఆలస్యం

మా బావ చేతులకి ఏ జబ్బూ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. తప్పంతా నా కంప్యూటర్లో ఒక చిన్న గడిలో ఉన్న టిక్కు గుర్తుది. అంతకంటే పెద్ద తప్పు నా నోటిది.

నేను వీడియో ఎడిటర్ని. మందుల షాపు పైన ఒక గది నాది. రెండు తెరలు, ఒక కుర్చీ, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఇంకో కుర్చీ. పెళ్ళిళ్ళు, పదవీ విరమణలు, బడి వార్షికోత్సవాలు, ఎవరి ఫోన్లో ఏం తీసుకున్నా తెచ్చి నా నెత్తిన పోస్తారు. తమ ఫోన్ ఏ ఫార్మాట్‌లో తీస్తుందో వాళ్ళకే తెలియదు. "ఇది ఎక్కడా తెరుచుకోవట్లేదు, కాస్త చూడు" అని పెన్‌డ్రైవ్ బల్లమీద పడేసి పోతారు. ఒకటి తెరిస్తే బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. ఇంకొకటి తెరిస్తే మాట ఉంటుంది, బొమ్మ ఉండదు. నేను తిట్టుకుంటూ సరిచేస్తాను. పదహారేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను, సరిచేస్తూనే ఉన్నాను. నా దగ్గర తెరుచుకోని ఫైల్ లేదని ఊళ్ళో పేరు, నాలో పొగరు.

బావ అంటే మా అక్క మొగుడు. దర్జీ. అక్క పెళ్ళయ్యేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నన్ను బడికి దింపినవాడు, కాబట్టి మా మధ్య మీరూ గీరూ లేవు. నన్ను ఎడిటరమ్మా అని పిలుస్తాడు. నా బట్టలన్నీ ఈనాటికీ ఆయనే కుడతాడు, కుట్టిన ప్రతిసారీ లావయ్యానని గుర్తుచేస్తాడు.

బావ వాళ్ళ నాన్న కూడా దర్జీయే. యాభై రెండో ఏట ఆయన కత్తెర సుద్దగీత దాటి పోవడం మొదలెట్టింది. అందరూ కళ్ళజోడు మార్చుకోమన్నారు. కొన్నాళ్ళకి చేతులు వణికాయి. ఆ తర్వాత గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. పోయేముందు నాలుగేళ్ళు అక్కే అన్నం తినిపించింది. బావకి ఇప్పుడు యాభై ఒకటి. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

కుట్టుపని కాకుండా బావకి ఉన్న ఒకే ఒక్క సరదా డ్రమ్ములు. మా పట్టణం వాయిద్య బృందంలో ఇరవై మూడేళ్ళుగా ఆ స్టూలు మీద ఆయనే కూర్చుంటున్నాడు. మొత్తం పదకొండు మంది. పియానో వాయించే మాస్టారు అందరికీ పెద్ద. ఆయన బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఆ మధ్య వాళ్ళు సాధన చేసే హాలుకి కొత్త నేల వేయిస్తున్నారని రెండు నెలలు తాళం పెట్టారు. హాలు మళ్ళీ తెరిచేరోజు అందరికీ చూపించడానికి ఒక వీడియో చేద్దామని మాస్టారికి బుద్ధి పుట్టింది. ఆయన పియానో భాగం రికార్డు చేసి అందరికీ పంపారు. దాన్ని చెవిలో పెట్టుకుని వింటూ, ఎవరి భాగం వాళ్ళు ఇంట్లోనే వాయించి, ఫోన్లో తీసి నాకు పంపాలి. నేను పదకొండు మందినీ ఒకే తెరమీద గళ్ళు గళ్ళుగా పేర్చి, ఒక్కచోట కూర్చుని వాయించినట్టు చేయాలి. పాట నిడివి ఎనిమిది నిమిషాలు.

పదిమందివి బుద్ధిగా తెరుచుకున్నాయి. బావ క్లిప్పు దగ్గర మాత్రం డ్రమ్ము వినిపిస్తోంది, బొమ్మ నల్లగా ఉంది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే ఆ ఫోన్ నాదే. కొత్తది కొనుక్కుని పాతది బావకి ఇచ్చినప్పుడు, వీడియోలు తక్కువ జాగా తినాలని కెమెరా సెట్టింగు మార్చి మరీ ఇచ్చాను. అలా కుదించి తీసినవాటిని నా పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. ఇలాంటివాటికోసం నా దగ్గర ఒక కన్వర్టర్ ఉంది. ఇటు ఫైల్ వేస్తే అటు సాఫ్ట్‌వేర్‌కి నచ్చే ఫార్మాట్‌లో బయటికొస్తుంది. వేశాను, వచ్చింది. బొమ్మ కనిపించింది, కర్ర పడ్డచోట చప్పుడు ఉంది. ఇంకేం కావాలి అనుకుని మిగతావాళ్ళ పక్కన పేర్చాను.

మొదటి నిమిషం హాయిగా నడిచింది. మూడో నిమిషానికి డ్రమ్ము ఈడుస్తున్నట్టు అనిపించింది. ఆరో నిమిషానికి అనిపించడం కాదు, వినిపించింది. చివర అందరూ ఒక్కసారి ఆగిపోయాక, బావ కొట్టిన ఆఖరి దెబ్బ వెనకాల ఒంటరిగా పడింది. కొలిచి చూశాను, అర సెకను.

ఆదివారం అక్క వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఏడిపించాను, నిద్రలో వాయించావా బావా అని. ఆయన కూడా నవ్వాడు. చెవిలోది జారి ఉంటుందని, మళ్ళీ తీసి పంపిస్తానని అన్నాడు. రెండోది పంపాడు. అదీ అంతే. మూడోదానికి దుకాణం ఒకపూట మూసేశాడు. చప్పుడు అడ్డం వస్తుందని అక్క ఫ్యాన్ కట్టేసి, పక్కింటివాళ్ళని టీవీ తగ్గించమని బతిమాలి, తను వంటింట్లో ఊపిరి బిగబట్టి కూర్చుందట. మూడోది కూడా అంతే. చివర అర సెకను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. బావ ఈసారి నవ్వలేదు. మెల్లగా అడిగాడు.

"నీ మిషన్లో తేడా ఏమైనా ఉందేమో ఒకసారి చూశావా?"

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. నాకసలే ముక్కుమీద కోపం. అప్పటికే ఆ క్లిప్పుతో మూడుసార్లు కుస్తీ పట్టి విసిగి ఉన్నాను.

"పదహారేళ్ళ నుంచి చేస్తున్నాను బావా. మిగతా పదిమందివీ సరిగ్గానే ఉన్నాయిగా. మిషన్‌కి నీ ఒక్కడిమీదే పగా? వెనకబడుతున్నది నీ చెయ్యి."

అక్క తుడుస్తున్న పళ్ళెం కింద పెట్టేసింది. బావ తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత దాన్ని బల్లమీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడైనా నాలుక కరుచుకోవలసింది. కరుచుకోలేదు. పరవాలేదు నేను సర్దేస్తాలే అని, ఏదో ఉద్ధరిస్తున్నదానిలా చెప్పి వచ్చేశాను.

సర్దాను. బావ క్లిప్పుని నలభై మూడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ కాస్త కాస్త ముందుకి జరిపి, అతుకు కనిపించిన ప్రతిచోటా తెర మీద వేరేవాళ్ళని పెద్దగా చూపించి, మొత్తానికి నిలబెట్టాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల కష్టాన్నీ మాస్టారికి పూసగుచ్చినట్టు చెప్పాను. సర్దకముందు తయారుచేసింది కూడా వినిపించాను, నా పనితనం ఆయనకి తెలియాలి కదా. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. పాపం, వాళ్ళ నాన్నకి కూడా ఇలాగే, అన్నారు.

హాలు తెరిచినరోజు వీడియో వేశారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. బావ చివరి వరుసలో కూర్చుని తన గడి తప్ప మిగతా పది గళ్ళూ చూశాడు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, బాగా సర్దావమ్మా, ఎవరికీ తెలియలేదు అన్నాడు. నేను ఆ మెచ్చుకోలు కూడా తీసుకున్నాను. ఆ మరుసటి వారం బావ తన డ్రమ్ము కర్రలు తీసుకెళ్ళి మాస్టారికి ఇచ్చేశాడు. ఇకనుంచి కుర్చీలు వేయడానికీ తీయడానికీ వస్తానన్నాడట. మాస్టారు ఒకటికి రెండుసార్లు వద్దన్నారు కానీ మూడోసారి అనలేదు. ఆయన ఆ మొదటి వీడియో విని ఉన్నారు. డ్రమ్ముల బదులు ఒక ఎలక్ట్రానిక్ పెట్టె తెచ్చి పియానో మీద పెట్టుకున్నారు. మీట నొక్కితే అదే కొట్టుకుంటుంది.

నెలన్నర తర్వాత ఒక వ్యాయామం టీచరమ్మ వచ్చింది. తను చేసి చూపిస్తుంటే ఒకేసారి రెండు ఫోన్లతో తీయించుకుంది, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. పక్కనుంచి తీసింది తెరుచుకోలేదు. బొమ్మ నల్లగా ఉంది. ఇది నాకు కొత్తా అనుకుంటూ కన్వర్టర్లో వేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి నడిపించాను. ఆవిడ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెడుతూ చేస్తుంది. మొదట్లో రెండు గొంతులూ ఒక్కటిగానే ఉన్నాయి. పోను పోను విడిపోయాయి. పదో నిమిషంలో ఎదుటి ఫోన్‌లో టీచరమ్మ నాలుగు అన్నాక, పక్క ఫోన్‌లో టీచరమ్మ నాలుగు అంది.

అలవాటు చొప్పున ముందు ఆవిడనే తిట్టాను. లెక్క కూడా తిన్నగా పెట్టలేదు మహాతల్లి అని పైకే అన్నాను. అన్నాక క్లిప్పు ఆపేశాను. ఒకే మనిషి, ఒకే గొంతు, ఒకే క్షణం. తనకంటే తాను ఎలా వెనకబడుతుంది?

కన్వర్టర్ సెట్టింగులు తెరిచాను. ఎప్పుడో నాలుగేళ్ళ క్రితం ఒక టీవీ వాళ్ళ పని కోసం పెట్టుకున్నవి అలాగే ఉన్నాయి. ఫోన్ సెకనుకి సరిగ్గా ముప్ఫై బొమ్మలు తీస్తుంది. టీవీ వాళ్ళకి ముప్ఫైకి వెంట్రుకవాసి తక్కువ కావాలి. ఆ తేడాని భర్తీ చేయడానికి అక్కడొకటీ ఇక్కడొకటీ బొమ్మ తీసేయవచ్చు. లేదా మొత్తం క్లిప్పుని, శబ్దంతో సహా, కొద్దిగా సాగదీయవచ్చు. నా టిక్కు రెండోదాని మీద ఉంది. సాగదీసిన సంగతి కంటికీ తెలియదు, చెవికీ తెలియదు, ఎందుకంటే బొమ్మా చప్పుడూ కలిసే సాగుతాయి. ఆ క్లిప్పుని ఒక్కదాన్నే చూస్తే ఏ లోపమూ లేదు. ఇంకొకరి పక్కన పెడితేనే వెనకబడుతుంది. ఎనిమిది నిమిషాలకి అర సెకను.

బావ పంపిన మూడు అసలు ఫైళ్ళూ నా దగ్గరే ఉన్నాయి. ఆ టిక్కు తీసేసి మూడింటినీ మళ్ళీ మార్చి, మాస్టారి పియానో కింద పెట్టాను. మొదటిది చివరిదాకా సరిగ్గా కూర్చుంది. రెండోదీ కూర్చుంది. మూడోదాంట్లో ఆఖరి పియానో స్వరం గీతా, బావ ఆఖరి దెబ్బ గీతా తెరమీద ఒకదాని కింద ఒకటి నిటారుగా నిలబడ్డాయి. తప్పెక్కడుందో తెలియక మళ్ళీ మళ్ళీ వాయించిన మనిషి, మూడుసార్లూ వెంట్రుకంత తేడా లేకుండా వాయించాడు. మనిషి చేసే తప్పు మూడుసార్లూ కొలిచినట్టు ఒకేలా ఉండదని నాకు తట్టి ఉండాలి. అదే నా వృత్తి. తట్టలేదు. తల కొట్టేసినట్టయింది.

వెంటనే లేచి వాళ్ళింటికి పరిగెత్తానని చెప్పాలని ఉంది. పరిగెత్తలేదు. ఫోన్ చేశాను, అక్క ఎత్తింది, ఇంట్లో నీళ్ళు వస్తున్నాయా అని అడిగి పెట్టేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాడు పనుంది అనుకున్నాను. మూడోరోజు ఒక దొంగ ఆలోచన వచ్చింది. నలభై మూడు ముక్కల అతుకులు తీసేసి, బావ అసలు వాయింపు పెట్టి, వీడియో మళ్ళీ తయారుచేసి, ఇంటర్నెట్‌లో పెట్టిన పాతదాని స్థానంలో చప్పుడు చేయకుండా పెట్టేశాను. ఎవరైనా గమనించి అడిగితే అప్పుడు చెప్పవచ్చు కదా అని. ఎవరూ గమనించలేదు. ఎలా గమనిస్తారు, అతుకు తెలియకుండా అతికించినదాన్ని నేనేగా. నిజంగా వాయించిందీ, నేను సర్దిందీ చూడ్డానికి అచ్చం ఒక్కలాగే ఉన్నాయి.

బావ తిడతాడని కాదు నా భయం. ఆయన తిట్టడు. నా దగ్గర తెరుచుకోని ఫైల్ లేదని చెప్పుకు తిరిగే నేను, ఒక టిక్కు చూసుకోలేదని నలుగురికీ తెలుస్తుంది. అంతే. ఒక మనిషి చేతులకంటే నాకు ఆ పేరే ముద్దయింది. ఇది రాస్తుంటే కూడా సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

తొమ్మిదోరోజు అక్క నా గదికి వచ్చింది. ఎప్పుడూ మెట్లెక్కి రాదు. రెండో కుర్చీలో కూర్చుని చెప్పుకొచ్చింది. నరాల డాక్టరుకి చూపించారట. అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడట. మొదట్లో ఏమీ కనబడదు, మా నాన్నకీ కనబడలేదు అని బావ కొట్టిపారేశాడట. బట్ట కత్తిరించడం మానేశాడు, గీతలు గీసి ఇస్తాడు, కత్తెర అక్కదే. ఇంతకీ తను వచ్చిన పని వేరే.

"చెయ్యి బాగా ఉండగానే కత్తిరించే పద్ధతంతా వీడియో తీయించుకుంటానంటున్నాడే. తర్వాత దుకాణం చూసుకునేవాళ్ళకి పనికొస్తుందట. నువ్వైతే చేతులు బాగా కనిపించేలా తీస్తావని నిన్నే అడగమన్నాడు."

అప్పుడైనా చెప్పవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం, తను నా తోడబుట్టింది. రేపు పొద్దున్నే వస్తానని చెప్పి, మెట్లదాకా దింపాను.

మర్నాడు దుకాణంలో కెమెరా బల్లకి ఎదురుగా పెట్టాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. బట్ట పరిచి, నేత ఎటు నడుస్తోందో ముందు ఎలా చూసుకోవాలో చెప్పాడు. సుద్ద పట్టుకోవడం చూపించాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి కత్తెర తీసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ కత్తిరించాడు. కెమెరాలోంచి చూస్తున్నాను. గీత మీదే పోయింది, దారమంత కూడా పక్కకి పోలేదు. మధ్యలో అక్క కాఫీ తెచ్చింది. బావ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. వణుకు లేదు. అవసరమూ లేదు. అయినా అలా పట్టుకున్నాడు. అక్క ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

కెమెరా ఆపేసి చెప్పేశాను. ఫోన్, ఫార్మాట్, కన్వర్టర్, టిక్కు, అన్నీ. మొదట తడబడి తర్వాత గబగబా. ఆయన అంతా విన్నాడు. విని, చిన్నగా నవ్వాడు. ల్యాప్‌టాప్ తెరిచి కొత్త వీడియో చూపించాను. చివరిదాకా చూశాడు.

"ఆరోజు కూడా ఇలాగే ఉంది కదమ్మా," అన్నాడు.

అది సర్దింది, ఇది అసలుది అన్నాను. ఏదసలో ఏది కాదో నాకేం తెలుస్తుంది అన్నాడు. ఇదే వీడియోలో మా బృందం ట్రంపెట్ ఆయన తప్పు స్వరం వాయిస్తే నువ్వు మార్చి పెట్టలేదా, నువ్వే కదా గొప్పగా చెప్పావు అన్నాడు. ఒట్టు పెట్టాను. చిన్నప్పుడు కూడా పక్కపిల్ల ఏడిస్తే నీ పలక ఇచ్చేసేదానివి అని బుజ్జగించాడు. చివరికి బట్ట మడతపెడుతూ ఒక మాట అన్నాడు, దానికంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

"నన్ను ఓదార్చడానికి నీ పనిని నువ్వు తక్కువ చేసుకోకు ఎడిటరమ్మా. నీ పనిలో తప్పుండదు. నాకు తెలుసు."

ఇంక ఏం చెప్పినా ఆయనకది దయలాగే వినిపిస్తుంది. అబద్ధాన్ని అంత గట్టిగా చెప్పి, నిజాన్ని అంత ఆలస్యంగా చెబితే ఇంతకంటే ఏం జరుగుతుంది. అక్కడినుంచి నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళి, బృందం అందరి ముందూ ఒక మాట చెప్పాలన్నాను.

మరుసటిరోజు సాయంత్రం సాధన. కుర్చీలు వేయడానికి బావ ఎలాగూ వస్తాడు. అక్కని కూడా తీసుకు రమ్మన్నాను. అందరూ కూర్చున్నాక ల్యాప్‌టాప్ స్పీకర్లకి తగిలించి, సర్దకముందు తయారుచేసినదాని చివరి నిమిషం వినిపించాను. బావ తలదించుకున్నాడు. తర్వాత అసలుది వినిపించాను. తర్వాత సెట్టింగు తెరిచి ఆ టిక్కు చూపించాను. ఒకసారి పెడుతూ, ఒకసారి తీస్తూ చూపించాను. చెవులు మండుతున్నాయి. పదహారేళ్ళలో నా పని గురించి నలుగురిలో ఇలా మాట్లాడడం అదే మొదలు.

ట్రంపెట్ ఆయన మంగలి, ఏదైనా మొహం మీదే అడుగుతాడు. మూడుసార్లూ నీదేనా తప్పు అన్నాడు. మూడుసార్లూ నాదే అన్నాను. ఎప్పుడు తెలిసింది అన్నాడు. పదకొండు రోజులైంది అన్నాను. అక్క నా వైపు చూసింది. మొన్న నా గదిలో, ఆ రెండో కుర్చీలో తను కూర్చున్నప్పటికే నాకు తెలుసునని అప్పుడే లెక్క వేసుకుంది. మొహం తిప్పేసుకుంది.

మాస్టారు లేచి ఆ ఎలక్ట్రానిక్ పెట్టె తీగ పీకేశారు. బావ కర్రలు పియానో మీదే ఉన్నాయి, వాటిని తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. అమ్మాయి నా మీద జాలితో ఏదో చెబుతోంది మాస్టారూ అని బావ వెనక్కి జరిగాడు. జాలో కాదో వాయిస్తే తెలుస్తుంది, కూర్చో అన్నారు మాస్టారు. డెబ్బై ఏళ్ళాయన నిలబడి ఉంటే కాదనలేక బావ వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

మొదలెట్టారు. మొదటి నిమిషం బాగానే నడిచింది. రెండో నిమిషంలో ఆయన చూపు మాస్టారి మీంచి తన కుడిచేతి మీదికి జారింది. ఇంక అక్కడే ఉండిపోయింది. ఒకచోట దెబ్బ ఆలస్యంగా పడింది. తర్వాత సరిచేసుకోబోయి ముందుకి దూకాడు. మళ్ళీ ఇంకోచోట ఆలస్యం. అది ఏ ఫైల్‌లోనూ లేదు, ఏ కన్వర్టర్ నుంచీ రాలేదు. నా కళ్ళెదుట, నా చెవులకి వినబడుతూ, నేను ఆయన ఒంట్లో పెట్టిన భయం వాయిస్తోంది. మిగతావాళ్ళంతా తలలు వంచుకుని, ఆయన కోసం తామే కాస్త నెమ్మదించారు. ఆ సంగతి ఆయనకి తెలిసింది. ఆపేశాడు.

అందరూ ఆపేశారు. బావ మాస్టారిని అడగలేదు. నన్ను అడిగాడు.

"ఎడిటరమ్మా, ఇప్పుడు వెనకబడ్డానా?"

మాస్టారు నావైపు చూసి తల అడ్డంగా ఊపారు, లేదని చెప్పమని. లేదు అంటే ఆ పూట గడుస్తుంది. బావ నవ్వి, కర్రలు పక్కన పెట్టి, ఇంటికి వెళ్ళి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. అవునంటే ఏమవుతుందో నాకు తెలియదు.

"వెనకబడ్డావు బావా. రెండుచోట్ల. ఒకచోట ముందుకి కూడా పోయావు. మాస్టారిని వదిలేసి చెయ్యి చూసుకుంటున్నావు, అందుకే."

ట్రంపెట్ ఆయన అబ్బా అని గొణిగాడు. బావ నన్నే చూశాడు. ఆయన మొహంలో మెల్లగా ఏదో సడలింది.

"అయితే ఇందాక నువ్వు చెప్పింది ఓదార్పు కాదన్నమాట."

"కాదు."

"మూడుసార్లూ సరిగ్గానే వాయించాను."

"మూడుసార్లూ."

బావ కర్రలు ఒళ్ళో పెట్టుకుని రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు, దాచుకోలేదు. ఆ తర్వాత గొంతు పెంచకుండా అన్నాడు.

"రెండు నెలలమ్మా. రోజూ పొద్దున లేవగానే ముందు చేతులే చూసుకున్నాను. అందులో పదకొండు రోజులు నీకు తెలిసే చూసుకున్నాను."

అవును బావా అన్నాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు. ఆయన కూడా పరవాలేదు అనలేదు. జీవితంలో మొదటిసారి ఆయన నాతో ఆ మాట అనలేదు. మాస్టారి వైపు తిరిగి, మొదటి నుంచి వాయిద్దాం అన్నాడు.

ఈసారి మాస్టారినే చూస్తూ మొదలెట్టాడు. నేను అక్క కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్ళాను. అక్క పక్కన జాగా ఉంది, అక్కడ తన చేతిసంచి పెట్టుకుంది. నేను వచ్చి నిలబడింది చూసింది కానీ సంచి తీయలేదు. వెనక్కి వెళ్ళి, గోడకి ఆనుకుని, ఎనిమిది నిమిషాలూ నిలబడే విన్నాను.